ఎవరిని చూసి నవ్వింది

ఇంజిను మామ పోయాడని అమ్మ ఫోను చేసినప్పుడు నేను కోలారు దగ్గర నరసాపురంలో కంపెనీ బస్సు దిగి గేటు వైపు నడుస్తున్నాను. జనరల్ షిఫ్టు వాళ్ళు గుంపులు గుంపులుగా లోపలికి పోతున్నారు.

"కాఫీ ఇద్దామని పోయినానమ్మా. కుర్చీలో కూర్చోనే ఉండాడు. రెండు తూర్లు పిలిచినా. పలకలే," అంది అమ్మ. ఫోను పెట్టేయలేదు. ఆమె ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ రోడ్డు పక్కన నిలబడ్డాను. సూపర్‌వైజరుకు చెప్పి, వెనక్కి తిరిగి కోలారు బస్సెక్కాను. అక్కణ్ణుంచి బంగారుపేట మీదుగా కేజీఎఫ్ చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆయన గురించే ఆలోచించాను. ఏడుపు రాలేదు. ఆయన విషయంలో ఏడవాల్సింది అంతకుముందే ఒక ఆదివారం ఏడ్చేశాం, నేనూ అమ్మా.

ఆయన మాకు చుట్టం కాదు. కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల లైను ఇళ్ళలో, మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒకటే. మా తాతలు చిత్తూరు వైపు నుంచి వచ్చారు, వాళ్ళు కుప్పం వైపు నుంచి. అమ్మ ఆయన్ని అన్నా అనేది కాబట్టి నాకు మామ. గనిలో వైండింగ్ ఇంజిను నడిపేవాడు. మనుషులు ఎక్కిన ఇనుప కేజును ఉక్కు తాడు మీద వేల అడుగుల లోతుకు దింపి మళ్ళీ పైకి లాగే ఇంజిను అది. దాని పిడి ఆయన చేతిలో ఉండేది. అందుకని లైనులో పెద్దలకు ఆయన ఇంజినాయన, పిల్లలందరికీ ఇంజిను మామ.

ఆయన షిఫ్టులో ఉంటే కేజులో నిలబడి టీ తాగొచ్చని మా నాన్న అనేవాడు. దిగడం మొదలైందని తెలిసేది కాదట, ఆగిందనీ తెలిసేది కాదట. ఆయన మాత్రం ఈ పొగడ్తకు నవ్వేవాడు కాదు. "నా చేతిలో అంతమంది పానాలు ఉంటాయప్పా. నవ్వుతా నడిపేది కాదు అది," అనేవాడు.

ఆ పని ఆయన ఒంట్లోకి దిగిపోయింది. కూర్చుంటే వీపు నిటారుగా, కుడిచెయ్యి ఏదో పిడి మీద ఉన్నట్టు మోకాలి మీద బిగించి కూర్చునేవాడు. వీధిలో ఎవడైనా సైకిలు బెల్లు రెండుసార్లు కొడితే ఆ చెయ్యి ఉలిక్కిపడి ముందుకు కదిలేది. గనిలో కింది నుంచి గంట మోగితే, అదే గంట తిరిగి కొట్టి, సరిగ్గా విన్నానని నిర్ధారణ చేసుకున్నాకే ఇంజిను కదిలించాలట. ఇంట్లోనూ ఆయనది అదే అలవాటు. ఏది అడిగినా ముందు దాన్ని తిరిగి చెప్పేవాడు.

"మామా, అన్నం తిన్నావా?"

"అన్నం తిన్నానా అని అడిగినావు." కొంచెం ఆగి, "తిన్నానమ్మా."

చిన్నప్పుడు మేము దీనికోసమే ఆయన్ని పనిగట్టుకుని ఏదో ఒకటి అడిగేవాళ్ళం.

అత్త, అంటే ఆయన భార్య, ఆయనకు పూర్తిగా భిన్నమైన మనిషి. సుగటూరులో రాగులు పండించే ఇంటి పిల్ల. పొలంలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది వాళ్ళతో మాట్లాడి పెరిగిన గొంతు ఆమెది. నవ్వితే లైను ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేది. కొళాయి దగ్గర నవ్వేది, బియ్యం ఏరుతూ నవ్వేది, కుక్క తుమ్మితే నవ్వేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ దిగులు ఆమె ముఖంలో ఎవరూ చూడలేదు.

ఆయనకు ఆమె అంటే ఎంత ప్రేమో లైనంతా చెప్పుకునేవాళ్ళు. షిఫ్టు దిగి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు దాకా నడిచిపోయి ఆమెకు పూలు తెచ్చేవాడు. ఆమె తినందే తినేవాడు కాదు. ఆమె తలనొప్పి అంటే ఆయన ముఖం వాడిపోయేది. ఇంటికి వచ్చేసరికి ఆమె గడపలో లేకపోతే మాత్రం చెప్పులు విప్పకుండా బయటే నిలబడేవాడు. అమ్మ నాన్నను దెప్పడానికి ఆయన్నే వాడుకునేది. "చూడు, పక్కింటన్నను చూసి నేర్చుకో."

అప్పట్లోనే ఒక సినిమావాళ్ళు మా ఊరికి వచ్చారు. మా గనుల నుంచి తీసిన మట్టి, బంగారం లాగేశాక మిగిలిన బూడిదరంగు సైనైడు మట్టి, ఊరు చుట్టూ గుట్టలుగా పడి ఉంటుంది. పుల్ల కూడా మొలవని ఆ గుట్టలను వాళ్ళు తెల్లవాళ్ళ కాలంలోని కొండలుగా చూపించాలనుకున్నారు. కథ ఏమిటంటే, అడవి పన్ను కట్టబోమని ఒక కొండ ఊరు తెల్లదొరల మీద తిరగబడుతుంది. దొర దగ్గర దుబాసీగా ఉన్న యువకుడు ఒకడు ఆ తిరుగుబాటు నాయకుడి చెల్లెలి మీద పిచ్చి పెంచుకుంటాడు. ఆమె ఎటు పోతే అటు పోతాడు, ఆమె ఎవరితో మాట్లాడినా ఓర్చుకోలేడు. చివరికి ఆమె ఒక్కతె తనకు దక్కితే చాలని, వాళ్ళు దాక్కున్న చోటు దొరకు చెప్పేస్తాడు. ఊరు ఊరంతా తుపాకులకు బలవుతుంది, ఆమెతో సహా.

ఆ ఊరి జనంగా కనపడడానికి మా లైనుల్లోంచి ఎనభైమంది ఆడవాళ్ళను తీసుకున్నారు. అమ్మా, అత్తా వెళ్ళారు. అత్త వెళ్ళడం మామకు ఇష్టం లేదు, కానీ అమ్మ తోడుంటుందని ఒప్పుకున్నాడు. అందరికీ ఒకే రంగు కావి చీరలు ఇచ్చి, ముఖాలకూ చేతులకూ మసి పూసి, నెత్తిన కట్టెలమోపులు పెట్టి గుట్ట మీద నుంచి దింపారు. నాలుగు రోజులు ఆ సంబరం నడిచింది.

సినిమా రాబర్ట్‌సన్‌పేట హాల్లో ఆడినప్పుడు లైనంతా కలిసి వెళ్ళాం. తుపాకులు పేలడానికి కొంచెం ముందు ఒక దృశ్యం ఉంది. తెల్లవారుజాము, కోడి కూస్తుంది, పాపం ఏమీ తెలియని ఊరి ఆడవాళ్ళు కట్టెలు మోసుకుంటూ కొండ దిగుతుంటారు. అందరూ తలలు వంచుకుని దిగుతుంటే మధ్యలో ఒక్క మనిషి తల పక్కకు తిప్పి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంది. అత్త! హాల్లో మావాళ్ళు ఈలలు వేశారు. నిజానికి నవ్వకూడదట. కానీ కాసేపట్లో చచ్చిపోబోయే ఊరు అంత హాయిగా నవ్వడం బాగుందని దర్శకుడు దాన్ని ఉంచేసుకున్నాడట. చూసే వాళ్ళకు అది పొరపాటని తెలియనే తెలియదు. గుండె కలుక్కుమంటుంది, అంతే.

మామ నా ముందు వరసలో కూర్చున్నాడు. ఈల వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. నిటారుగా అలాగే చూస్తున్నాడు.

ఆ తర్వాత ఏమైందో లైనులో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఆయన ప్రేమ ఇంకా పెరిగిందని. కొళాయికి ఆమెను పంపకుండా తనే నీళ్ళు మోసేవాడు. ఆడవాళ్ళు అసూయపడ్డారు. మార్కెట్టుకూ తనే పోయేవాడు. పండక్కి సుగటూరు పంపమని ఆమె అన్న వస్తే, తనూ వెంటపోయి మర్నాడే తీసుకొచ్చేశాడు. సాయంత్రాలు గోడ అవతల నుంచి ఆయన మాటలు సన్నగా వినపడేవి. అరుపు కాదు, తిట్టు కాదు. ఆగి ఆగి, మెత్తగా, గంటలకొద్దీ. మాటలు తెలిసేవి కావు. "పెళ్ళయి ఇన్నేండ్లయినా ఎంత ముచ్చటగా మాట్లాడుకుంటారో చూడు," అని అమ్మ నిట్టూర్చేది.

అత్త నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో మేము గమనించలేదు. అలాంటివి ఆగిపోయిన రోజున తెలియవు. కొన్నాళ్ళకు ఎవరో "ఆయమ్మ ఎట్ల నవ్వేది!" అన్నప్పుడు, అవును కదా అనుకున్నాం. వయసు పైబడిందని కొందరు, పిల్లలు లేని దిగులు ఇప్పటికి బయటపడిందని కొందరు అన్నారు. గని మూతపడక ముందే, ఒక వానాకాలం జ్వరం తగిలి పదిహేను రోజుల్లో పోయింది. మామ ఏడవలేదు. ఆమెను పడుకోబెట్టిన మంచం కోడు పట్టుకుని, వీపు వంచకుండా, మనుషులు వచ్చి ఎత్తుకుపోయేదాకా కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన సినిమాకు పోవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క సినిమాకే. పాత సినిమాలు తిప్పి తిప్పి వేసే రోజులు అవి. అది పడిందంటే మ్యాట్నీకి ఉతికిన చొక్కా తొడుక్కుని పోయేవాడు. ఆ దృశ్యం అయిపోగానే లేచి వచ్చేసేవాడు. చచ్చిన పెళ్ళాన్ని చూసుకోవడానికి పోతున్నాడని ఊరు కంటనీరు పెట్టుకుంది. గని మూతపడింది. హాలూ మూతపడింది. లైనులో సగం మంది బెంగళూరు రైలెక్కి పనులకు పోవడం మొదలుపెట్టారు. ఆయన ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

నేను నరసాపురంలో ఇన్‌స్పెక్షన్ పనిలో చేరి, అక్కడికి దగ్గర్లోనే గది తీసుకుని, ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. ఒక ఆదివారం ఆ సినిమా నా ఫోనులో దొరికింది. పరుగెత్తి పోయి ఆయన్ని పిలుచుకొచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని, ఫోనును రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఆ రోజు మాత్రం చివరిదాకా చూశాం. ఊరు తగలబడ్డాక ఆ దుబాసీ మా సైనైడు గుట్టల మధ్య ఆమె పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతాడు.

"పాపిష్టోడు," అన్నాను నేను.

"పాపిష్టోడు అని అన్నావు," అన్నాడు మామ. "అంత ప్రేమ ఉన్నోడు ఏమైనా చేస్తాడమ్మా. నీకు తెలీదు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పది గంటలకు వచ్చేవాడు. ఆ కాసిని క్షణాలూ చూపించేదాన్ని. "మళ్ళీ," అనేవాడు. మళ్ళీ చూపించేదాన్ని. మూడేళ్ళు ఇలా గడిచింది. నేను నా స్నేహితులకు ఆయన గురించి చెప్పేదాన్ని, ఇలాంటి మగవాడు కూడా ఉంటాడని.

ఒక ఆదివారం ఆయన బొమ్మను ఆపమన్నాడు. సరిగ్గా అత్త తల తిప్పిన చోట ఆపాను.

"నీ కండ్లు మంచివి. ఫ్యాక్టరీలో సన్న గీత ఉన్నా పట్టుకుంటావంట కదా. ఒకతూరి బాగా చూసి చెప్పమ్మా. ఆమె యాడ చూస్తా ఉండాది?"

"పక్కకి చూస్తా ఉండాది మామా. కెమెరా దాటి."

"కెమెరా దాటి చూస్తా ఉండాది అన్నావు. అక్కడ ఎవరుండారు?"

"అది యాడ కనపడతాది మామా? ఫోటోలో లేదు కదా."

"ఆమె కండ్లు చూడు. నల్లగుడ్డులో ఏమన్నా నీడ పడిందా? మనిషి నీడ?"

ఆ గొంతులో బెంగ లేదు. దొంగను వెతుకుతున్న మనిషి గొంతు అది. మూడేళ్ళుగా, అంతకు ముందు హాల్లో అన్నేళ్ళుగా, ఆయన చూస్తున్నది భార్యను కాదని ఆ క్షణంలో అర్థమైంది. ఆమె ఎవరిని చూసి నవ్విందో వాణ్ణి వెతుకుతున్నాడు.

"ఎవరిని చూసి నవ్విందో నాకు తెలియాల. ఇంగ నేను ఎంతకాలం ఉంటానో ఏమో. అది తెలీకుండా నేను పోలేను," అన్నాడు.

అమ్మ అప్పుడే కాఫీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది. ఆ చివరి మాటలు మాత్రమే విన్నది. పకపకా నవ్వింది.

"అదేందన్నా! నీకు తెలీదా? నిన్ను చూసే కదా నవ్వింది!"

మామ తల ఎత్తాడు.

"ఆ దినం నువ్వు షిఫ్టు దిగి క్యారియర్ ఎత్తుకోని గుట్టకాడికి వచ్చినావే, గుర్తు లేదా? కింద నిలబడుకోని ఉంటివి. ముందుగా దిగింది నేను. ఒకే చీరలు, ఒకే మసి, నెత్తిన మోపు. నేనే వదిన అనుకోని నా చేతిలో క్యారియర్ పెట్టేస్తివి. 'తిను, ఆరిపోతాది' అంటివి. మైకు పట్టుకున్నోడు అరిస్తే తిరిగి కూడా చూడకుండా పోతివి. కట్ అనేదాకా నోరు మెదపొద్దని మాకు చెప్పి ఉండారు, నేను ఏం చెప్పేది? వెనక దిగతా ఉన్న వదిన అంతా చూసింది. పాపం, నవ్వు ఆపుకోలేకపోయింది."

అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. మామ ముఖం చూసి మెల్లగా ఆగింది.

"క్యారియర్ నీకు ఇచ్చినాను," అన్నాడు ఆయన.

"నాకే ఇచ్చినావన్నా."

"అది పొద్దున తీసిన సీను కదమ్మా. పొద్దున నేను ఇంజిను కాడ ఉండాను. కోడి కూస్తాది దాంట్లో."

"ఆ గుట్టల మీద కోడి యాడిదన్నా? మధ్యాన్నం మూడు గంటలు. కోడి కూతను వాళ్ళు తర్వాత కలుపుకోని ఉంటారు."

"మధ్యాన్నం మూడు గంటలు," అన్నాడు. మోకాలి మీది చెయ్యి బిగుసుకుంది. అమ్మ నా వైపు చూసింది, ఏమైందన్నట్టు. నేను ఫోను బోర్లించి పెట్టాను.

"ఆమె ఇదే చెప్పింది," అన్నాడు చివరికి. "పిచ్చర్ చూసి వచ్చిన దినమే చెప్పింది. నవ్వుతా చెప్పింది. నేను నమ్మలే. నా పెండ్లాన్ని నేను గుర్తుపట్టకుండా ఉంటానా అన్నాను. ఎనభైమందిలో కాదు, ఎనభైవేల మందిలో ఉన్నా పడతా అన్నాను. కోడి కూస్తా ఉంటే మధ్యాన్నం అంటావేందని అడిగినాను. దినామూ అడిగినాను. చెయ్యి చేసుకోలేదమ్మా ఎప్పుడూ. ఉట్టినే అడిగినాను. ఎవరిని చూసి నవ్వినావు అని."

ఆ గోడ అవతలి సాయంత్రాలు నా చెవుల్లోకి ఇప్పుడు మాటలతో సహా వచ్చాయి.

"నమ్మకపోతే పక్కింట్లో ఉండే నీ చెల్లెల్ని పిలిచి అడుగు పో అని ఒకతూరి అన్నది. నేను అడగలే. అడిగితే నా మర్యాద పోతాది అనుకున్నా."

అమ్మ గోడకు చేరగిలబడి కిందికి జారి కూర్చుంది. "నాకైనా తెలీకపోయెనే అన్నా. నిన్ను ఎగతాళి చేసినట్టు ఉంటాదని, పెద్దోడివి, చిన్నబుచ్చుకుంటావని, ఆ మాట నేను ఎప్పుడూ ఎత్తలే. ఒక్క దినం ఎత్తి ఉంటే..."

"ఆ దుబాసీగాడు ఊరంతా చంపించినాడు," అన్నాడు మామ. "నేను ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని చంపినాను."

"అట్ల అనొద్దన్నా. వదిన జ్వరంతో పోయింది."

"మనిషి జ్వరంతో పోయింది. నవ్వు జ్వరంతో పోలేదు కదమ్మా."

లేచాడు. గడప దాటేటప్పుడు తడబడ్డాడు. పట్టుకోబోతే వద్దన్నాడు. ఆయన వెళ్ళాక నేనూ ఏడ్చాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కింట్లోకి వినపడకూడదని.

తర్వాతి మూడు ఆదివారాలు ఆయన రాలేదు. అమ్మ తలుపు దగ్గర అన్నం పెట్టి వచ్చేది. నాలుగో ఆదివారం ఎప్పట్లాగే పది గంటలకు వచ్చాడు. నేను ఫోను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంగ అది వద్దమ్మా. ఆమె నా దిక్కు చూసి నవ్వుతా ఉంటే, నేను ఇన్నేండ్లు ఎవడినో వెదికినాను. ఏ మొహం పెట్టుకోని చూసేది?" తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఆ దినం అన్నం తిన్నారా మీరు? క్యారియర్‌లో అన్నం?"

"తిన్నామన్నా. అన్నం, అలసందల పులుసు. నేను, వదిన, మూడో లైను కామాక్షి. మోపులు కింద పడేసి ఆ మట్టిలోనే కూర్చోని తిన్నాము."

"ఏమన్నది ఆమె?"

అమ్మ తటపటాయించింది.

"చెప్పమ్మా."

"'మా ఆయన అంతమందిని దారి తప్పకుండా పాతాళానికి దింపుతాడు, పట్టపగలు పెండ్లాన్ని మాత్రం గుర్తుపట్టడు' అన్నది. కామాక్షికి పొలమారింది నవ్వి నవ్వి."

"ఇంకా?"

"ఇంకేముందన్నా..."

"ఇంకా ఏమో అని ఉంటాది. ఆమె అంతటితో ఆపదు."

అమ్మ నేల వైపు చూస్తూ చెప్పింది. "'ఈ కతను ఇప్పుడే చెప్పను. పిచ్చర్ వచ్చి, దాంట్లో నేను కనపడినాక చెప్తాను. ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ దినం ఆయన కూడా నవ్వుతాడు చూడు' అన్నది."

మామ ఆ మాటను తిరిగి చెప్పలేదు. ఏది చెప్పినా తిరిగి చెప్పే మనిషి, ఆ ఒక్కదాన్ని చెప్పలేకపోయాడు. పెదవులు మాత్రం కదిలాయి.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి లైనులో కొందరు ఆయనకు మతి చెడిందన్నారు. భార్య పేరెత్తితేనే చూపు మరల్చుకునే మనిషి, కొళాయి దగ్గరకు పోయి నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళకు ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి అమ్మ అక్కడే ఉంది. ఆయనకు కథ చెప్పడం రాదు. షిఫ్టు ఎన్ని గంటలకు దిగాడో, క్యారియర్‌లో ఎన్ని గిన్నెలో, అన్నీ వరసగా, సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడట. ఎవరూ నవ్వలేదు. బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆయన తల వంచుకుని ఇంటికి వచ్చాడు. మర్నాడు మళ్ళీ పోయాడు.

రేషను షాపు వరసలో చెప్పాడు. కటింగు షాపులో చెప్పాడు. బెంగళూరు రైలు కోసం నిలబడ్డ కుర్రకారుకు చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనకు అది పట్టుబడింది. అత్త ఎలా చెప్పి ఉండేదో అలా చెప్పడం నేర్చుకున్నాడు. కామాక్షి వాళ్ళింటికి పోయి, ఆమె మనవడు తెచ్చిపెట్టిన నీళ్ళు తాగి, ఆమెకు పొలమారడం ఎలాగో కనుక్కుని వచ్చి దాన్ని కూడా కలిపాడు. నెత్తి మీద మోపు ఉన్నట్టు మెడ బిగించి, ఉలకని పలకని అమ్మలాగా నిలబడి చూపేవాడు. తన గొంతునే ఎక్కిరిస్తూ "తిను, ఆరిపోతాది" అనేవాడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళు నవ్వుతుంటే ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. చేతులు జారవిడిచి, ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడేవాడు.

అమ్మ తట్టుకోలేకపోయింది. ఒకరోజు ఆయన్ని వీధిలోంచి చెయ్యి పట్టుకుని తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టింది. నేనూ ఉన్నాను.

"ఏంటికన్నా ఇది? ఊరంతా నిన్ను చూసి నవ్వుతా ఉండారు. ఈ వయసులో నీకు ఏంటికి?"

"నన్ను చూసి నవ్వుతా ఉండారు అన్నావు," అన్నాడు. "నవ్వాల. ఆమె నన్ను చూసి నవ్వింది తప్పా? దానికి నేను శిక్ష వేసినాను. అది తప్పు కాదని నలుగురికీ తెలియాల కదమ్మా. ఆమెకు చెప్పే దారి లేదు. ఇంగ వీళ్ళకే చెప్పాల."

అమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆయన్ని ఆపలేదు.

ఆయన పోయిన రోజు నేను కేజీఎఫ్ చేరేసరికి పదకొండున్నర అయింది. కుర్చీలోంచి దించి చాప మీద పడుకోబెట్టారు. చొక్కా ఉతికినదే. కుప్పం వైపు నుంచి ఆయన తమ్ముడి కొడుకు రావాలి, మధ్యాహ్నం మూడవుతుందన్నారు. అమ్మ ఆయన తల దగ్గర కూర్చుని ఈగలు వాలకుండా టవలుతో విసురుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయన కుడిచెయ్యి వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అంత వదులుగా ఆ చేతిని నేను ఎప్పుడూ చూడలేదు.

లైనులో ఈ మధ్యే అద్దెకు దిగిన ఒక అమ్మాయి, టేకల్ వైపు పిల్లట, చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని నా పక్కకు జరిగింది. నేను ఎవరో ఆమెకు తెలియదు. కూర్చున్న చోట ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టింది.

"తాత పెండ్లాము సినిమాలో ఉండాదంట, తెలుసా అక్కా?"

"అవునా," అన్నాను.

"అవునక్కా. గుట్ట మీద షూటింగంట. తాత షిఫ్టు దిగి క్యారియర్ ఎత్తుకోని పోయినాడంట. అందరూ ఒకే మాదిరి చీరలంట, మొహానికంతా మసంట. ఈ తాత పోయి, వేరే ఆయమ్మ చేతిలో క్యారియర్ పెట్టి, 'తిను, ఆరిపోతాది' అన్నాడంట!"

ఆ "వేరే ఆయమ్మ" అక్కడే కూర్చుని టవలు విసురుతోందని ఆ అమ్మాయికి తెలియదు. అమ్మ చెయ్యి ఆగింది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముందక్కా, పైనుంచి తాత పెండ్లాం చూసింది. నవ్వేసింది. కెమెరా తిరగతా ఉన్నా నవ్వేసింది!" అంటూ ఆ అమ్మాయి తనూ నవ్వింది, గట్టిగానే. గదిలో నలుగురూ తిరిగి చూశారు. ఆ పిల్ల గతుక్కుమని, ఎదురుగా ఉన్న శవాన్ని చూసి, బిడ్డను గుండెకు హత్తుకుని తల దించేసుకుంది.

"నవ్వమ్మా," అంది అమ్మ. "ఏం కాదు. నవ్వు."